ఊరందరికీ నల్లజీడి చుక్క

మొన్న బ్లాకు ఆఫీసు గుమాస్తా సైకిలు మీద మా ఇంటికి వచ్చేడు. రాబోయే ఎన్నికల్లో పద్ధతి మారిందట. ఇదివరకు అభ్యర్థికొక పెట్టె ఉండేది, ఎవరికి వెయ్యాలో వాళ్ళ పెట్టెలో చీటీ పడేసి వచ్చేవాళ్ళం. ఇప్పుడు అందరికీ కలిపి ఒకటే పెట్టె. చీటీ మీద గుర్తులన్నీ వరసగా ఉంటాయి, నచ్చినదాని మీద ముద్ర కొట్టాలి. ఇది బడి పిల్లలకి నేర్పితే వాళ్ళు ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి నేర్పుతారు, ముందు మాస్టర్లకి మీరొచ్చి ఒక పూట చెప్పాలి, అన్నాడు. నేను ‘దానికేం భాగ్యం’ అనబోతూ ఉంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

“ఈయన్ని ముద్ర కొట్టడం వరకే చెప్పమనండి బాబూ. సిరా మాత్రం ఈయన చేతికి ఇవ్వకండి,” అంది.

గుమాస్తా కొత్తవాడు. నవ్వాలో మానాలో తెలియక నా ముఖం చూసేడు. నేను నా వేళ్ళ కేసి చూసుకున్నాను. అతనికి టీ ఇచ్చి పంపించేసేను గాని కథ చెప్పలేదు. సర్కారు మనిషికి చెప్పే కథ కాదది. మీరు మనవాళ్ళు, పైగా మీ గ్లాసుల్లో టీ ఇంకా ఉంది, కాబట్టి చెప్తాను. పోయిన ఎన్నికల్లో నేను ఊరందరికీ ఓటు పాఠం చెప్పేను. ఆ పాఠం దెబ్బకి ఊరందరి ఓట్లూ పోవలసింది. వెంట్రుకవాసిలో తప్పింది, అదీ నా వల్ల కాదు.

ముందు నా సంగతి. విజయనగరంలో బి.ఎ. చదివేను. ఎప్పుడని అడక్కండి, అప్పటికి మా గుణుపురం తాలూకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి బళ్ళు కట్టుకుని వచ్చి వంశధార ఒడ్డున పొలాలు చేసుకున్నవాళ్ళు. నేను బడిలో ఉద్యోగంలో చేరి కుర్చీలో కూర్చుని ఉండగా, ముప్పై ఆరులో మా తాలూకా మొత్తం ఒరిస్సాలో కలిసింది. కుర్చీ కదలలేదు, నేను కదలలేదు, రాష్ట్రం కదిలింది. పౌరశాస్త్రం మీద నాకు శ్రద్ధ కలగడానికి అదే కారణమనుకుంటాను. కూర్చున్నవాడికి చెప్పకుండా ఇంత జరుగుతూ ఉంటే తెలుసుకోవాలా వద్దా?

సరే, పోయిన ఎన్నికలకి కొన్ని నెలల ముందు రాయగడలో మాస్టర్లకి ఒక శిబిరం పెట్టేరు. పౌరశాస్త్రం, చట్టం, కొత్త రాజ్యాంగం, ఇవి బళ్ళలో ఎలా చెప్పాలో నేర్పడానికి. కాశీపూర్ కొండల్లోంచి వచ్చినవాళ్ళున్నారు, బోరిగుమ్మ నుంచి రెండు బస్సులు మారి వచ్చినవాళ్ళున్నారు. నాకప్పటికే జుట్టు నెరిసింది. ఈ వయసులో నాకు కొత్తగా చెప్పేదేముందిలే, మధ్యాహ్నం డాల్మా, అదే ఒరియావాళ్ళ కూరగాయల పప్పు, బాగుంటుందన్నారు కదా అని వెళ్ళేను. డాల్మా నిజంగానే బాగుంది. కంద ముక్కలు వేసి, పైన జీలకర్ర వేయించి పొడి చల్లేవాడు ఆ వంటవాడు. అది వేరే కథ.

పాఠం చెప్పడానికి వచ్చినాయన పాతకాలపు ప్లీడరు. మహంతి బాబు అనేవాళ్ళు. మద్రాసు సర్కారు కోర్టుల్లో తెలుగులో వాదించినవాడు, తరవాత ఒరియాలో వాదించినవాడు, రెండిటిలోనూ పళ్ళు ఊడేదాకా వాదించి మానేసినవాడు. మొదటిరోజు లోపలికి వస్తూనే నమస్కారమైనా పెట్టకుండా, “నా గొడుగు పోయింది,” అన్నాడు. “ఈ మాస్టారు పట్టుకెళ్తూ ఉంటే చూసినవాళ్ళున్నారు.” వేలు నా మీదే పెట్టేడు.

ఈయన దొంగ అనుకునేవాళ్ళు చేతులెత్తండి, అన్నాడు మహంతి బాబు. సగం మంది ఎత్తేరు. నా పక్కన కూర్చుని నా పాన్‌డబ్బాలోంచే తమలపాకు తీసుకుని నములుతున్న బోరిగుమ్మ మాస్టారు రెండు చేతులూ ఎత్తేడు.

ఆయన అందర్నీ ఒకసారి తేరిపార చూసేడు. “ఈయన్ని ఎవరైనా అడిగేరా, తీసేవా అని? గొడుగు ఎక్కడుండేదో చూపించమని నన్ను ఎవరైనా అడిగేరా?” అన్నాడు. ఆయన వెళ్ళి తలుపు వెనక్కి లాగేడు. గొడుగు దాని వెనక మేకుకి వేలాడుతోంది. “చట్టమంటే ఇంతే మాస్టర్లూ. అవతలివాడిని అడుగు. ఉన్నది చూపించమను. మిగతా పుస్తకాలన్నీ ఈ రెండు ముక్కలకి రాసిన వ్యాఖ్యానాలు,” అన్నాడు.

నేను ఏళ్ళ తరబడి ‘పౌరుల హక్కులు, బాధ్యతలు’ అని బోర్డు మీద రాసి పిల్లల చేత కాపీ చేయించినవాడిని. ఆయన ఒక గొడుగుతో చెప్పేసేడు. అలాంటివాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. శిబిరం అయ్యేటప్పటికి నేను ఆయన చెప్పులు మొయ్యడానికి కూడా సిద్ధంగా ఉన్నాను. చివరిరోజు ఆయన మాకు పని పెట్టేడు. ఎన్నికల లోపల ప్రతి బడిలోనూ పిల్లల చేత ఒక నమూనా ఎన్నిక జరిపించండి, ఊళ్ళో పెద్దవాళ్ళని పిలిచి వాళ్ళ చేత ఓట్లు వేయించండి, పెట్టె చూసి భయపడేవాళ్ళు ఇంకా ఉన్నారు, అన్నాడు.

భయం సంగతి నాకు తెలుసు. భయమొక్కటే కాదు. మా ఊళ్ళో గౌరమ్మ అని ఉంది. అందరికీ పెద్దమ్మే. మొగుడు పోయేక రెండెకరాల వరి ఒక్కర్తే చేయిస్తుంది. మొదటి ఎన్నికల ముందు పేర్లు రాసుకునేవాళ్ళు వచ్చినప్పుడు, పరాయి మగాడికి తన పేరు ఏమని చెప్తుందని, “అప్పలసామి అమ్మని,” అంది. మా వైపు ఆడవాళ్ళు సగం మంది అలాగే చెప్పేరు. ఫలానావాడి అమ్మ, ఫలానావాడి పెళ్ళాం. పై నుంచి ఆ పేర్లన్నీ కొట్టేసేరు. గౌరమ్మకి అది తెలీదు. పోలింగునాడు పెట్టెలోంచి కొత్త కోక తీసి కట్టుకుని వచ్చింది. పేరు లేదు పొమ్మన్నారు. తిరిగి వెళ్తూ ఉంటే నేను చూసేను, ఆ కోక మడతలైనా నలగలేదు.

రెండోసారి పేర్లు రాసుకోవడానికి వచ్చినప్పుడు ఆవిడ ఏం చేసిందనుకున్నారు? వీధి మధ్యకి వచ్చి నిలబడి, ఊరి చివర ఉన్న మా బడికి వినబడేలాగ, “గౌరమ్మ! నా పేరు గౌరమ్మ! రాసేవా బాబూ, మళ్ళీ సెప్పమన్నావా?” అని కేకేసింది. ఆవిడ పేరు గౌరమ్మ అని మాలో చాలామందికి ఆరోజే తెలిసింది.

అందుచేత నమూనా ఎన్నికకి అందరికంటే ముందొచ్చింది ఆవిడే.

ఏర్పాట్లు బాగానే చేసేను. రెండు కిరసనాయిలు డబ్బాలకి కన్నాలు పెట్టించి, ఒకదానికి వంకాయ బొమ్మ, ఒకదానికి గుమ్మడికాయ బొమ్మ అంటించేం. తెరకి మా ఆవిడ చీర, అడగకుండా తెచ్చినది. పోలింగు అధికారులందరూ పిల్లలే. ప్రిసైడింగ్ ఆఫీసరు ఏడో తరగతి చిట్టి. రైతుబిడ్డ. పొద్దుటే గేదెని ఏటికి తోలి, స్నానం చేసి, తడి జడతోనే బడికి వచ్చేది. మాట తక్కువ. అయితే ఒకసారి విన్నమాట ఆ పిల్ల దగ్గర ఉండిపోతుంది. గొడుగు కథ నేను క్లాసులో చెప్పినప్పుడు అందరూ నవ్వేరు. ఆ పిల్ల నవ్వకుండా, “సెయ్యెత్తినవాళ్ళు తరవాత మీకు సెమాపణ సెప్పేరాండి?” అని అడిగింది. లేదమ్మీ, అన్నాను. మహంతి బాబుకి కూడా తట్టని ప్రశ్న అది.

ఓటేసినవాళ్ళ ఎడమచేతి చూపుడువేలికి బడి ఎర్రసిరా చుక్క పెట్టించేను. ఎన్నిక పూర్తయింది. చిట్టి లెక్క చూసి నా దగ్గరికి వచ్చి, డబ్బాల్లో చీటీలు మనుషులకంటే ఎక్కువున్నాయండి, అంది. విచారిస్తే తేలిందేమిటంటే, గౌరమ్మ ఓటేసి, కాలువకి వెళ్ళి, వేలు చింతపండు పెట్టి తోముకుని, ముసుగేసుకుని మళ్ళీ వచ్చిందిట. తరవాత మళ్ళీనూ.

అడిగితే దాపరికం లేదు. “అందరూ వంకాయకే ఏసెస్తన్నారు బాబూ. గుమ్మడికాయ ఒక్కర్తే ఉండిపోనాది. జాలేసింది,” అంది.

నేను నవ్వేసి ఊరుకుందామనుకున్నాను. చిట్టి ఊరుకోలేదు. “ఒకలికి ఒకటే ఓటని మీరే సెప్పేరు కదండి. ఇది సెల్లదండి. మళ్ళీ ఎట్టాల,” అంది. నిజమే కదా. నాకు పట్టుదల వచ్చింది. ఎంత తోమినా పోని సిరా నేనే తయారు చేస్తానన్నాను. అదీ నా బుద్ధి. సర్కారువారి దగ్గర చెరగని సిరా ఉందంటే మన దగ్గరెందుకు ఉండకూడదు?

ఉంది కూడాను. మన చాకళ్ళు బట్టల మీద గుర్తు పెట్టేది దేనితో? నల్లజీడి పిక్క రసంతో. బట్ట చిరుగుతుంది గాని గుర్తు చెరగదు. పిక్కలు తెప్పించేను. అది ఒంటికి తగిలితే పొక్కుతుందని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. పిల్లల చేతులకి పెట్టేది కాబట్టి ముందు నా మీదే పరీక్ష చేసుకోవాలనుకున్నాను. ఒక వేలికి ఉత్త రసం. అది పొక్కింది. పక్కవేలికి సున్నం కలిపి. అదీ పొక్కింది. ఆ పక్కవేలికి ఆముదం కలిపి. కొంచెం నయం. ఆముదం పాళ్ళు పెంచుతూ ఎడమచెయ్యి అయిపోయింది, కుడిచేతికి వచ్చేను. చివరికి ఇంత ఆముదంలో ఒక్క బొట్టు రసం వేస్తే మంట ఉండదు, నలుపు ఉంటుంది అని తేలేటప్పటికి నా చేతులు రెండూ లేత వంకాయల గుత్తుల్లా ఉన్నాయి. వేలు వేలికీ పైనుంచి కిందదాకా నలుపు.

మా ఆవిడ నాకు అన్నం కలిపి నోట్లో పెట్టవలసి వచ్చింది. ఆ వయసులో, పట్టపగలు, వీధిగుమ్మం తెరిచి ఉండగా. ఇరుగమ్మలు మజ్జిగ కోసమని వచ్చి మజ్జిగ అడగడం మరిచిపోయి చూసి వెళ్ళేవారు. “ఓటరుకి ఒక చుక్క చాలన్నారు కదా ప్రభుత్వం వారు? మీరేమిటి, అభ్యర్థులందరి తరఫునా పెట్టుకున్నారా?” అనేది ముద్దకీ ముద్దకీ మధ్య.

రెండో నమూనా ఎన్నిక పోలింగుకి వారం ముందు సంతరోజున పెట్టేం. సంతకి వచ్చినవాళ్ళందరూ వరసలో నిలబడ్డారు. పిల్లలు ముందు తమ వేళ్ళకి చుక్కలు పెట్టుకుని చూపించేరు, భయం లేదని. తరవాత పెద్దవాళ్ళకి, సూదిమొనతో, ఆవగింజంత. ఒక్కరికీ పొక్కలేదు. ఒక్క చీటీ ఎక్కువ రాలేదు. గౌరమ్మ కాలువకి వెళ్ళి, బూడిదతో తోమి, ఇటుకముక్కతో తోమి, ఓడిపోయి వచ్చి నాకు దణ్ణం పెట్టింది. ఆ సాయంత్రం నా అంతవాడు లేడనుకున్నాను. మహంతి బాబు ఉంటే చూడాలి కదా అనుకున్నాను.

నాకప్పుడు ఎలక్షన్ డ్యూటీ పడింది, దూరపు ఊళ్ళో. తాలూకా ఆఫీసుకి వెళ్తే అక్కడి గుమాస్తా నా చేతులు చూసి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. కలం పట్టుకోలేనివాడు పనికిరాడని పేరు తీసేసేరు. నా సర్వీసు మొత్తం మీద సర్కారు నన్ను చూసి జాలిపడింది అప్పుడొక్కసారే. అలాగ పోలింగునాడు నేను ఊళ్ళోనే ఉన్నాను. లేకపోతే ఈ కథ నాకు ఎవరో చెప్పేవారు, నేను నమ్మేవాడిని కాదు.

పోలింగు మా బడిలోనే. పొద్దుటే వరస బడి దాటి సంత బయలుదాకా ఉంది. ముందు గౌరమ్మ. అదే కొత్త కోక. అయిదేళ్ళు పెట్టెలో దాచినది.

నేను ఇంటి దగ్గర వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటూ ఉంటే వరసలోంచి ఒక రైతు వచ్చి, “మాస్టారూ, గౌరమ్మని ఎనక్కి తిప్పెస్తన్నారు. తరవాత ఆడికీ, ఆ ఎనకోడికీ కూడా అదేనంట,” అన్నాడు. ఎందుకయ్యా అంటే, “ఏలికి సుక్క ఉందంతన్నారు,” అన్నాడు.

ఊరు ఊరంతా ఎడమచేతి చూపుడువేలికి నల్లచుక్క. పెట్టించినవాడిని నేను. ఎంత తోమినా పోకుండా చేసినవాడిని నేను. పోలింగునాడు చుక్క ఉన్నవాడు ఓటేసేసినవాడి కింద లెక్క అని అందరికీ పాఠం చెప్పినవాడినీ నేనే!

పరిగెత్తేను. లోపల ప్రిసైడింగ్ ఆఫీసరు కొరాపుట్ వైపు నుంచి వచ్చిన ఒరియా ఆయన. నడివయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. తెలుగు వచ్చు. గౌరమ్మ ఆయన బల్ల ఎదురుగా నిలబడి ఉంది, వేలు ఇంకా చాచే ఉంది. నేను ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేను, శిబిరం, ఎర్రసిరా, గుమ్మడికాయ, నల్లజీడి, ఆముదం. ఆయన మధ్యలో అడ్డం రాకుండా ఆఖరిదాకా విన్నాడు. అక్కడే నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

“మాస్టర్ బాబూ, చుక్క ఉన్నవాళ్ళకి చీటీ ఇవ్వకూడదు. రూలు నేను పెట్టింది కాదు. నిన్న ఏటికి అవతల పోలింగు జరిగింది,” అన్నాడు.

ఊరు ఊరంతా నిన్న ఏరు దాటి వెళ్ళి దొంగ ఓటు వేసి వచ్చిందంటారా అని అడిగేను. ఎందుకు దాటకూడదు, ఏట్లో మోకాలిలోతు నీళ్ళు కూడా లేవు కదా, నేను నిన్న బండి మీద దాటే వచ్చేను, అన్నాడాయన. ఇది నల్లజీడి సార్ అన్నాను. కావచ్చు, రేపు ప్రతి ఊళ్ళోనూ ప్రతివాడూ నల్లజీడి అంటే నా పని ఏమిటి, అన్నాడు. కోపంగా అనలేదు. ఆయన చెప్పినదాంట్లో తప్పు వెతకడానికి ప్రయత్నించేను, దొరకలేదు. బి.ఎ. చదివిన బుర్ర ఆ సమయానికి ఇంకెక్కడో ఉంది. అభ్యర్థుల తరఫు ఏజెంట్లు ఇద్దరు గోడవారగా కూర్చుని ఉన్నారు. వాళ్ళూ మా సంతకి వచ్చేవాళ్ళే. ఇద్దరూ ఎడమచేతులు పంచెల మడతల్లో దాచుకున్నారు.

గౌరమ్మ చాచిన వేలు దింపింది. నేలమీద కూర్చుండిపోయింది.

“నాను ఎల్లను. పోయినసారి పేరు నేదన్నారు. పేరు సెప్పీసేను, ఊరంతా ఇనీలాగ సెప్పీసేను. ఇప్పుడు ఏలికి సుక్కుందంతన్నారు. కోసీసి ఒస్తే ఏయనిస్తారా బాబూ?” అంది.

గొంతు పెంచలేదు. ఆవిడ కేకేసి ఉంటే నేను భరించగలిగేవాడిని. ఆఫీసరు లేచి, తన కుర్చీ తెచ్చి ఆవిడ దగ్గర వేసేడు. ఆవిడ కుర్చీ ఎక్కలేదు, ఆయనా మళ్ళీ కూర్చోలేదు. ఇద్దరి మధ్యా ఆ కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన గుమ్మం వైపు తిరిగి, “ఇంకెవరైనా చెప్పవలసింది ఉందా?” అని అడిగేడు.

గొడుగు గుర్తొచ్చింది నాకు. అవతలివాడిని అడుగు. అడిగేడు మహానుభావుడు. అయితే చూపించేదెవరు?

చిట్టి గుమ్మానికి అవతల నిలబడి ఉంది. పిల్లలు లోపలికి రాకూడదని ఆ పిల్లకి తెలుసు, గీత దాటలేదు. అక్కడినుంచే చెయ్యెత్తింది. చెప్పమ్మా అన్నాడాయన.

“మా పిల్లలకి ఓట్లు నేవు కదండి?”

లేవు, అన్నాడు.

“నిన్న ఏటవతల కూడా మాకు సీటీలు ఇవ్వరు కదండి?”

ఇవ్వరు, అన్నాడు.

ఆ పిల్ల వెనక్కి తిరిగి ఏదో చెప్పింది. అరుగు మీద, కిటికీల దగ్గర, గోడ ఎక్కి చూస్తున్న మా బడి పిల్లలందరూ ఒక్కసారి ఎడమచేతులెత్తేరు. ప్రతి చూపుడువేలికీ చుక్క. ఒకటో తరగతివాళ్ళతో సహా. ముక్కు చీమిడి తుడుచుకుంటున్నవాడొకడు కుడిచెయ్యెత్తి, పక్కవాడు మోచేత్తో పొడిస్తే మార్చుకున్నాడు.

“ఓట్లు నేనోళ్ళకి ఈ సుక్క ఎలాగొచ్చిందండి? మాకెక్కడ్నించొచ్చిందో ఆళ్ళకీ అక్కడ్నించే ఒచ్చిందండి,” అంది చిట్టి.

ఆఫీసరు గుమ్మం దాకా వచ్చేడు. ఒక్కొక్క పిల్లవాడి వేలూ పట్టుకుని చూసేడు. గౌరమ్మ వేలు పక్కన పెట్టి చూసేడు. ఏజెంట్ల వైపు తిరిగి మీకేమైనా అభ్యంతరమా అని అడిగేడు. వాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, పంచెల మడతల్లోంచి మెల్లిగా చేతులు పైకి తీసేరు. అప్పుడు నవ్వేడాయన. అంతసేపూ ఎక్కడ దాచుకున్నాడో అంత నవ్వు.

తీర్పు చెప్పేడు. ఈ ఊరి చూపుడువేళ్ళ మీద చుక్క మా చుక్క కాదు, మా చుక్క పక్కవేలికి పెడతాం, పక్కవేలు తెల్లగా ఉన్నవాళ్ళకి చీటీ ఇస్తాం, మాస్టారు సాయంత్రం దాకా ఇక్కడే నిలబడి వచ్చినవాళ్ళు మీ సంతలో చుక్క పెట్టించుకున్నవాళ్ళేనని చెప్పాలి. అని, చిట్టితో ఒరియాలో “భలొ కహిలు,” అన్నాడు. బాగా చెప్పేవు అని. ఆ పిల్ల ముఖం చూసి నాకు కళ్ళు చెమర్చేయి. తుడుచుకుందామంటే వేళ్ళకి జీడి భయం.

గౌరమ్మ తెర వెనక్కి వెళ్ళింది. వెళ్ళి ఎంతకీ రాలేదు. ఆఫీసరు పిలిచేడు, వరస పిలిచింది. చివరికి వచ్చి, నా పక్కనుంచి వెళ్తూ చిన్నగొంతుతో, “గుమ్మడికాయ నేదు బాబూ,” అంది.

ఆరోజంతా నిలబడ్డాను. వచ్చినవాళ్ళ పేరు చెప్పడం, సంతలో చూసేనని చెప్పడం. ఒక్కరి ఓటూ పోలేదు. చుక్కలు పెట్టించుకున్నవాళ్ళందరూ వేసేరు. పేర్లు చెప్పుకున్న ఆడవాళ్ళందరూ వేసేరు. ఇళ్ళకి వెళ్ళేటప్పుడు పక్కపక్కన రెండు చుక్కలు చూపించుకుంటూ, ఒకటి మాస్టారిది, ఒకటి సర్కారుది అని చెప్పుకుంటూ వెళ్ళేరు. నాకు లోపల్లోపల గర్వంగానే ఉంది.

పొద్దు వాలింది. వరస అయిపోయింది. ఇంక నేనొక్కడినే. ఆఫీసరు, “రండి మాస్టర్ బాబూ, మీరూ వేసేయండి,” అన్నాడు మర్యాదగా. నేను చొక్కా సవరించుకుని బల్ల దగ్గరికి వెళ్ళి ఎడమచెయ్యి చాచేను.

ఆయన చూపుడువేలు చూసేడు. పక్కవేలు చూసేడు. ఆ పక్కది చూసేడు. కుడిచెయ్యి ఇలా ఇవ్వండి అన్నాడు. ఒక్కొక్క వేలూ తిప్పి తిప్పి చూసేడు, మందుల షాపువాడు సీసాలు చూసినట్టు. నా చేతులు రెండూ బల్ల మీద పెట్టి, తన రూళ్ళ పుస్తకం తీసేడు. వేలు లేకపోతే ఏం చెయ్యాలో ఉంది. చెయ్యి లేకపోతే ఏం చెయ్యాలో ఉంది. అన్నీ ఉండి అన్నీ నల్లగా ఉంటే ఏం చెయ్యాలో లేదు.

గౌరమ్మ ఇంటికి వెళ్ళలేదు. పొద్దుటినుంచీ అరుగు మీదే కూర్చుని చూస్తోంది. “కాలేలు నేదేటి బాబూ?” అని సలహా ఇచ్చింది. పుస్తకంలో కాళ్ళ సంగతి లేదు పెద్దమ్మా, అన్నాడాయన విచారంగా.

అప్పుడు ఆయన గుమ్మం వైపు చూసి, “నువ్వే కదా నమూనా ఎన్నికకి ప్రిసైడింగ్ ఆఫీసరువి? నువ్వేమంటావు?” అన్నాడు.

చిట్టి నన్ను చూసింది. నా చేతులు చూసింది. తను ఏడో తరగతి పిల్ల, నేను హెడ్మాస్టర్ని. నేను ధైర్యం చెప్పినట్టు తలాడించేను. మనసులో మాత్రం ‘చెప్పమ్మీ, నా నోటికి అన్నమైనా పెట్టలేని చేతులివి, కనికరించు’ అనుకుంటున్నాను.

“సుక్క ఎట్టడానికి సోటు నేదండి. సోటు నేకపోతే సీటీ ఇవ్వకూడదండి. మాస్టారే సెప్పేరండి,” అంది.

“నేనూ అదే అనుకుంటున్నాను,” అని ఆయన పుస్తకం మూసేసేడు. పెట్టెలకి సీలు వేస్తూ, మీ పాఠం పిల్లలకి బాగా వచ్చింది మాస్టర్ బాబూ అని మెచ్చుకున్నాడు. నిజంగానే మెచ్చుకున్నాడు. నాకు సంతోషించక తప్పలేదు. సంతోషించేను కూడాను, ఇప్పటికీ ఆ పిల్ల మాట తలుచుకుంటే సంతోషమే.

బయటికి వచ్చేను. గౌరమ్మ కోక దులుపుకుని లేచి నా పక్కన నడిచింది, రెండు చుక్కల చెయ్యి ముందుకి పెట్టుకుని. మా ఇంటి మలుపు దగ్గర ఆగింది.

“పోనీ బాబూ, ఊరుకో. పోయినసారి నాను సెప్పక పోగొట్టుకున్నాను, ఈసారి నువ్వు సెప్పి పోగొట్టుకున్నావు.”